గేట్లు తొట్టికి పంపే ముందు
చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

గాజులమండ్యం షెడ్డులో చేసిన గేట్లు గాల్వనైజింగ్ నుంచి, అదే తుప్పు పట్టకుండా కరిగిన జింకు తొట్టిలో ముంచే చోటి నుంచి, మెలిక తిరిగి వచ్చాయని, ఆ తొట్టివాళ్లతో పెద్ద గొడవే పెట్టుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ వయసులో నేనూ అట్లే అరిచొచ్చినవాణ్ణే. అక్కడి పెద్దాయన ఒక్క మాట అనలేదు. నా చానల్‌కు, అంటే U ఆకారపు ఇనుప దూలానికి, ఒకే పక్కనున్న వెల్డింగులను వేలితో చూపించాడంతే. నా నోరు పడిపోయింది.

వెల్డు చల్లారేటప్పుడు పక్కనున్న ఇనుమును గట్టిగా లాగి పట్టుకుంటుంది. ఆ బిగువు బయటికి కనబడదు. జింకు తొట్టి వేడి దాదాపు 450 డిగ్రీలు. అక్కడ ఇనుము పట్టు సగానికి సగం తగ్గేసరికి లోపలి బిగువంతా సడలి, అది లాగిన వైపుకే సరుకు వంగుతుంది. సరిపోని ముక్కను క్లాంపు బిగించి, బలవంతంగా కూర్చి వెల్డు కొట్టావా, అది తొట్టిలో వడ్డీతో సహా తిరిగొస్తుంది. అందుకని రెండు పక్కలా సమానంగా కొట్టించు, ఇటు కొంచెం, అటు కొంచెం. 4 ఎంఎం వెల్డు చాలినచోట 8 ఎందుకు? లావుగా కొడితేనే గట్టిదని మన కుర్రోళ్లకు ఒక నమ్మకం.

ఆ వేడికి 6 మీటర్ల చానల్ 30 ఎంఎం దాకా సాగుతుంది. సగం లోపల, సగం బయట ఉంటే ఏమవుతుందో నువ్వే ఊహించుకో. తొట్టి పొడవు, లోతు కనుక్కున్నాకే డ్రాయింగ్ గీయి. ఒక్క మునకలో పట్టకపోతే రెండు ముక్కలు చేసి బోల్టులతో కలుపు.

నీ గేటు సంగతి వేరే. మందం యాంగిల్ (L ఆకారపు ఇనుము) ఫ్రేముకు పల్చటి రేకు పెట్టి చుట్టూ వెల్డు కొట్టావు. రేకు ముందు వేడెక్కి సాగుతుంది, యాంగిల్ వెనకబడుతుంది. ఎటూ పోలేక రేకు అప్పడంలా ఉబ్బుతుంది. నేనైతే రెండూ విడివిడిగా ముంచి తెచ్చుకుని తర్వాత బోల్టులు వేస్తా.

బాక్స్ పైపులకు బొక్కలు మరవొద్దు. 50 ఎంఎం పైపుకు కనీసం 12 ఎంఎం బొక్క, ఎదురెదురు మూలల్లో. గాలి పోకపోతే సరుకు తేలుతుంది, మెల్లగా మునుగుతుంది, వేడి ఒక్కతీరుగా ఎక్కదు. పూర్తిగా మూసేసిన పైపైతే పేలుతుంది కూడా, మనుషులు పోతారు. తీశాక నీళ్లలో ముంచకుండా గాలికే చల్లారనివ్వమని ముందే చెప్పు.

ఇప్పుడు వంగినవాటిని గ్యాస్ మంట పెట్టి సాపు చేయొద్దు, జింకు పొర పాడవుతుంది. జాకీతో కొద్దికొద్దిగా లాగి, పొర లేచినచోట జింక్ పెయింట్ కొట్టాలి. జాకీ నా దగ్గరుంది, ఆదివారం పొద్దున బస్సులో తెస్తా. రేణిగుంటలో దిగి ఫోన్ చేస్తా, బండి పంపు.

మీ మామ