Re: కాన్సాస్ గ్రాహం కౌంటీ, 1890 సెన్సస్ ఎక్కడా దొరకట్లేదు

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, గ్రాహం కౌంటీలో ఉన్న నికోడెమస్ ఊరివాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారో సెన్సస్‌లో (జనాభా లెక్కల్లో) వెతుకుతుంటే, 1870లో ఆ ఊరు కనపడలేదు, 1890 రికార్డులే లేవు అన్నారు కదండీ, మీరు వెతకడంలో తప్పేం లేదు. 1870కి అసలు ఆ ఊరే లేదు, 1877లో పుట్టింది, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు ఎక్కువగా కెంటకీ నుంచి వచ్చి ఆ మైదానంలో నేల తవ్వుకుని ఆ గుంతల్లోనే కాపురం పెట్టారు, తర్వాత ఏడాది వచ్చినవాళ్ళకి ఊరేదీ అంటే నేలలోంచి లేచే పొగ చూపించారట!

ఇక 1890 సెన్సస్ అంటారా, 1921లో వాషింగ్టన్‌లో అగ్నిప్రమాదం జరిగి కాయితాలు చాలావరకు పోయాయి, ఏ కౌంటీకైనా దాదాపు ఇదే గోల. కానీ కాన్సాస్ వాళ్ళు సొంతంగా 1885, 1895లో రాష్ట్ర సెన్సస్ తీశారు, అవి పట్టుకోండి, 1885 దాంట్లో ఎక్కణ్ణుంచి కాన్సాస్ వచ్చారో చెప్పే కాలమ్ కూడా ఉంటుంది, మీకు కావాల్సింది అదే కదా. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సెన్సస్ 1880ది కూడా ఉంది.

ఇంకోటి, కౌంటీ కాయితాల్లో మిల్‌బ్రుక్ అనే ఊరి పేరు కనిపిస్తే కంగారు పడకండి, 1888లో హిల్ సిటీకి మారేదాకా కౌంటీ ఆఫీసులు అక్కడే ఉండేవి. పొలం వివరాలకైతే నేషనల్ ఆర్కైవ్స్‌లో (అమెరికా ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారంలో) హోమ్‌స్టెడ్ ఫైల్, అంటే సాగు చేసుకుని ఉంటామన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన భూమి తాలూకు ఫైల్ అడగండి, 160 ఎకరాల పట్టా కోసం సాక్షులు చెప్పినవి, ఇల్లు ఎలా ఉంది, ఎంత దున్నారు, అన్నీ అందులో దొరుకుతాయి.