నెల రోజులు అన్నం, పప్పు, పాలు మానేస్తే నీరసం పోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 42 ఏళ్లు. ఏలూరులో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. శాకాహారిని, గుడ్డు కూడా తినను. ఏడాదిగా విపరీతమైన నీరసం. మధ్యాహ్నం మూడయ్యేసరికి నిలబడి పాఠం చెప్పలేకపోతున్నాను. తిన్నాక కడుపు ఉబ్బరం, జుట్టు కూడా బాగా రాలుతోంది. బరువు 74 కిలోలు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రాత్రి మెట్‌ఫార్మిన్ వేసుకుంటాను. థైరాయిడ్‌కు 75 మైక్రోగ్రాముల మాత్ర. ఈమధ్య నెలసరి ఏడెనిమిది రోజులు ఉంటోంది, వయసు వల్లేమో. అమెరికాలో ఉండే మా ఆడపడుచు నెల రోజులు చక్కెర, బెల్లం, అన్నం, గోధుమలు, చిరుధాన్యాలు, పప్పులు, పాలు, పెరుగు అన్నీ మానేసే డైట్ చేసి 6 కిలోలు తగ్గింది. చాలా హుషారుగా ఉంది. నేనూ ఒకటో తేదీ నుంచి మొదలుపెడదామనుకుంటున్నాను. పాల బదులు కొబ్బరిపాలు వాడొచ్చా? టీ తాగొచ్చా? మధ్యలో ఒకరోజు పెళ్లి భోజనం తింటే ఫలితం పోతుందా? తిండి ఎలాగూ తగ్గుతుంది కాబట్టి ఆ నెల షుగర్, థైరాయిడ్ మాత్రలు మానేయొచ్చా?

జవాబు: కొబ్బరిపాల సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసినదంతా చదివాక నాకు ముందుగా భయం వేసింది మీరు పొద్దున వేసుకునే షుగర్ మాత్ర గురించి. గ్లిమెపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు. క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఆ డోసు రాసినప్పుడు మీ డాక్టర్ మీరు రోజూ తినే ఇడ్లీ, అన్నం, చపాతీలను లెక్కలోకి తీసుకునే రాసి ఉంటారు. ఒకటో తేదీన అవన్నీ ఒక్కసారిగా మానేసి, మాత్ర మాత్రం అదే వేసుకుంటే రక్తంలో గ్లూకోజు 70 కంటే కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. క్లాసులో నిలబడి ఉన్నప్పుడో, రోడ్డు మీద బండి నడుపుతున్నప్పుడో అలా జరిగితే ఏమవుతుందో ఆలోచించండి.

షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, కళ్లు తిరుగుతాయి, ఉన్నట్టుండి చిరాకు వస్తుంది, మాట తడబడుతుంది. ఈ డైట్లను ప్రచారం చేసేవాళ్లలో చాలామంది, మొదటి వారం తలనొప్పి, నీరసం, చిరాకు మామూలే, ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, ఓర్చుకోండి అని చెబుతారు. మాత్రలేవీ వాడని మనిషి ఓర్చుకుంటే ఫర్వాలేదేమో. మీరు ఓర్చుకోకూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. 2009లో అమెరికాలో మొదలైన హోల్30 లాంటి డైట్లలో నిషేధించినది కొంచెం నోట్లో పడినా మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలన్నది నియమం. మీరు చెప్పిన జాబితా చూస్తే మీ ఆడపడుచు చేసింది కూడా అదో, దానిలాంటిదో అనిపిస్తోంది. ఇన్ని రోజుల కష్టం వృథా అవుతుందని, చేతులు వణుకుతున్నా చక్కెర ముట్టుకోకుండా కూర్చునే పట్టుదల మంచిది కాదమ్మా. అలాంటి వేళ గ్లూకోజు పొడి గానీ చక్కెర గానీ మూడు చెంచాలు నీళ్లలో కలుపుకుని వెంటనే తాగాలి. 15 నిమిషాలకు గ్లూకోమీటర్‌తో చూసుకుని, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి, ఎందుకంటే ఈ మాత్ర వల్ల పడిన షుగర్ కొన్ని గంటల తర్వాత మళ్లీ పడొచ్చు. ఎప్పుడైనా స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. డైట్ చేసినా చేయకపోయినా ఈ మాత్ర వాడేవాళ్ల ఇంట్లో అందరికీ ఇది తెలిసి ఉండాలి.

అలాగని మాత్రలు మీ అంతట మీరే ఆపేయమని చెప్పడం లేదు. తిండి మార్చేముందు గ్లిమెపిరైడ్ డోసు తగ్గించాలా, కొన్నాళ్లు ఆపాలా, మెట్‌ఫార్మిన్ అలాగే ఉంచాలా అన్నది మీ హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చూసి మీ డాక్టరే నిర్ణయించాలి. మిమ్మల్ని చూడకుండా నేను ఇక్కడి నుంచి డోసు చెప్పడం సరికాదు. ఇది చదివే మిగతా షుగర్ పేషెంట్లకూ ఒక హెచ్చరిక. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతూ పిండిపదార్థాలు బాగా తగ్గించేస్తే రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు, ప్రమాదకరంగా పెరగొచ్చు. అప్పుడు గ్లూకోమీటర్‌లో అంకె పెద్దగా పెరగకపోవచ్చు, అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు ఎవరో చెప్పారని ఇలాంటివి మొదలుపెట్టకూడదు.

థైరాయిడ్ మాత్ర మానేయొచ్చా అని ఎలా అడిగారో నాకు అర్థం కాలేదు. ఆ మాత్ర మీరు ఎక్కువ తింటున్నారని ఇచ్చింది కాదు. గ్రంథి తగినంత తయారు చేయలేకపోతున్న హార్మోన్‌ను బయటి నుంచి ఇస్తున్నాం. మాత్ర ఆపితే ఆ హార్మోన్ ఒంట్లో మెల్లగా తగ్గుతుంది, సగానికి రావడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే మొదటి రోజుల్లో ఏ తేడా తెలియదు. మాత్ర లేకపోయినా బాగానే ఉన్నాను, డైట్ పనిచేస్తోంది అనిపిస్తుంది. నెల తిరిగేసరికి నీరసం, మలబద్ధకం, ఒళ్లు బరువెక్కడం, జుట్టు రాలడం, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం మొదలవుతాయి. మీరు ఇప్పుడు వదిలించుకోవాలనుకుంటున్నవి కూడా ఇవే కదా.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏడాదిగా నీరసం అని రాశారు. ఈ ఏడాదిలో ఒక్క రక్తపరీక్ష చేయించుకున్నట్టు రాయలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ ఇది చాలా చూస్తున్నాను. ఎప్పుడో రాసిన చీటీ మెడికల్ షాపులో చూపించి, అదే స్ట్రిప్పు ఏళ్ల తరబడి కొనుక్కుంటారు. డోసు సరిపోతోందో లేదో ఎవరూ చూడరు. నీరసం వస్తే బలానికి ఒక టానిక్కు, అదీ పనిచేయకపోతే యూట్యూబ్‌లో ఒక డైట్. ఈలోపు జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. మీరు ఇప్పటికే ఏడాది ఆగారు. ఇంకో నెల డైట్, అది కుదరకపోతే మరో నెల ఇంకో డైట్ అంటూ పోవద్దు.

నెలసరి ఏడెనిమిది రోజులు ఉంటోందన్నది వయసు వల్లేమో అని ఒక్క ముక్కలో దాటేశారు. నా లెక్కలో మీ నీరసానికి మొదట అనుమానించాల్సింది అదే. రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నారు, గడ్డలు పడుతున్నాయా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తోందా? ఇవన్నీ రాసిపెట్టుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన తెలుగు రాష్ట్రాల పరిస్థితి కూడా ఇంచుమించు అంతే. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటాం. అది 12 ఉన్నా ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, అడుగంటితే నీరసం, జుట్టు రాలడం రెండూ ఉండొచ్చు. ఐరన్ మాత్రలతో పాటు రక్తం ఎక్కడి నుంచి, ఎందుకు పోతోందో కూడా తేల్చాలి. గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని కణితులు) కావచ్చు, థైరాయిడ్ అదుపులో లేకపోవడం కావచ్చు. నలభై దాటి, షుగర్, అధిక బరువు ఉన్నవాళ్లలో గర్భాశయం లోపలి పొర మందంగా పెరగడం కూడా చూస్తుంటాం. చాలావరకు ఇవి మామూలు చికిత్సకు లొంగేవే, కంగారు పడొద్దు. కానీ గైనకాలజిస్టును కలిసి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకోవాల్సిందే. కడుపు ఉబ్బరం ఉందన్నారు కాబట్టి పొట్ట మొత్తం స్కాన్ చేయించుకుంటే రెండూ ఒకేసారి చూడొచ్చు.

రెండో అనుమానం విటమిన్ బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగుల్లో బి12 సరిగా ఒంటబట్టకపోవచ్చు. మీరు గుడ్డు కూడా తినరు, కాబట్టి మీకు సహజంగా బి12 దొరికేది పాలు, పెరుగు, మజ్జిగల్లోనే. మీరు చేయబోతున్న డైట్‌తో ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు, మతిమరుపు ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. అవన్నీ షుగర్ వల్లేనని సరిపెట్టుకోకూడదు. పరీక్ష కాకముందే షాపులో అడిగి బి12 ఇంజెక్షన్లు వేయించుకోవద్దు, అసలు లోటు రిపోర్టులో కనబడకుండా పోతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే థైరాయిడ్ పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపేసి, ల్యాబ్‌లో కూడా చెప్పండి. అది ఆ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ అంకెను తారుమారు చేయగలదు.

చేయించుకోవాల్సినవి: సీబీసీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ, బి12, క్రియాటినిన్, లివర్ పరీక్ష. మీ డాక్టర్ అవసరమనుకుంటే విటమిన్ డి. రాత్రి గురక పెడుతున్నారని ఇంట్లోవాళ్లు అంటుంటే అదీ చెప్పండి, నిద్రలో శ్వాస అడ్డుపడేవాళ్లకు పగలంతా మగతగా ఉంటుంది. గోధుమ పడటం లేదని అనుమానం ఉంటే సీలియాక్ (గోధుమ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయాలి. నెల రోజులు మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. వందల ఆహారాల్లో ఏది పడదో ఒక్క రక్తం బొట్టుతో చెబుతామనే ఐజీజీ ప్యాకేజీల మీద డబ్బు ఖర్చు పెట్టకండి. అలర్జీ వైద్యుల సంఘాలే వాటిని వద్దంటున్నాయి.

ఎలిమినేషన్ డైట్, అంటే కొన్ని ఆహారాలు మాని చూసే పద్ధతి, అన్నదే తప్పని నేను అనను. 1920ల్లో కాలిఫోర్నియాలో ఆల్బర్ట్ రో అనే అలర్జీ వైద్యుడు దాన్ని పద్ధతిగా వాడారు. ఇప్పుడూ పేగుల సమస్యల్లో మేం వాడుతున్నాం. అయితే అందులో మానేయడం సగమే. మిగతా సగం, మానేసినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి తింటూ ఏది తింటే ఇబ్బంది వస్తోందో రాసుకోవడం. అన్నీ ఒకేసారి మానేసి, నెల తర్వాత అన్నీ ఒకేసారి తినడం మొదలుపెడితే ఏదీ తేలదు. మీ ఆడపడుచు హుషారుగా ఉందంటే నమ్ముతాను. స్వీట్లు, బిస్కెట్లు, ప్యాకెట్ తిండి నెల రోజులు ఆగితే ఎవరికైనా తేడా తెలుస్తుంది. కానీ తగ్గిన 6 కిలోల్లో కొంత, ముఖ్యంగా మొదటి వారంలో తగ్గినదాంట్లో చాలావరకు, నీరే. ఆమె మీలాగా మాత్రలు వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. పైగా ఆ డైట్‌లో మాంసం, చేపలు, గుడ్లు ఉంటాయి. పప్పులు, పాలు, చివరికి వేరుశనగలు కూడా మానేస్తే మీకు మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? బాదం, జీడిపప్పు, కొబ్బరితో నెల గడవదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా రోజూ తినే పళ్లెంలో పప్పులకు, పాలకు చోటుంది.

ఉబ్బరం కోసం ఏదైనా మాని చూడాలంటే పాలతో మొదలుపెట్టండి. రెండు వారాలు పాలు మాని పెరుగు, మజ్జిగ కొనసాగించండి. పాలు అరగని చాలామందికి పెరుగు పడుతుంది. తర్వాత మూడు రోజులు పాలు తాగి చూడండి, ఉబ్బరం తిరిగి వస్తే కారణం దొరికినట్టే. రాకపోతే శనగపప్పు, ఉల్లిపాయ, గోధుమ ఇలా ఒక్కొక్కటే. అయితే మెట్‌ఫార్మిన్ వల్ల కూడా ఉబ్బరం వస్తుంది. మాత్రను భోజనంతో వేసుకుంటున్నారో లేదో చూసుకోండి, మెల్లగా కరిగే రకానికి మార్చవచ్చేమో డాక్టర్‌ను అడగండి.

మీరు అడిగినవి ఇప్పుడు చెబుతాను. కొబ్బరిపాలు కూరలో కొంచెం వేసుకోవచ్చు, పాలకు బదులు కావు. వాటిలో బి12 లేదు, కాల్షియం, మాంసకృత్తులు నామమాత్రం, కొవ్వు ఎక్కువ. టీ తాగండి, చక్కెర లేకుండా. కానీ భోజనంతో పాటు గానీ, తిన్న వెంటనే గానీ వద్దు, ఐరన్ సరిగా ఒంటబట్టదు. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక కనీసం అరగంట, వీలైతే గంట, నీళ్లు తప్ప మరేమీ వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తే దానికి నాలుగు గంటల తేడా పెట్టండి. పెళ్లి భోజనానికి వెళ్లండి, కూరలు, పప్పు ఎక్కువగా, అన్నం తక్కువగా తినండి, స్వీటు వదిలేయండి. రిపోర్టులు వచ్చేదాకా రోజూ చేయగలిగినవీ ఇవే. బిస్కెట్లు, బేకరీ తిండి, కూల్‌డ్రింకులు ఈరోజే మానేయొచ్చు. అన్నం కొద్దికొద్దిగా తగ్గించి ఆ మేరకు కూర, పప్పు పెంచుకోండి. పూట మాత్రం ఎగ్గొట్టొద్దు, ఆ షుగర్ మాత్ర వాడుతున్నంతకాలం అసలే వద్దు.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, నడిస్తే ఆయాసం వస్తున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, కళ్లు తిరిగి పడిపోయినా, మలం నల్లగా వస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అలాంటివేవీ లేకపోతే ఈ వారంలోనే మీ డాక్టర్‌ను కలవండి, ఒకటో తేదీ దాకా ఆగొద్దు. వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, పాత రిపోర్టులు, నాలుగైదు రోజుల గ్లూకోమీటర్ అంకెలు, పరగడుపున ఒకటి, తిన్న రెండు గంటలకు ఒకటి, రాసుకుని పట్టుకెళ్లండి.