ఇంటిపేరు చూసి చుట్టరికం కలపకు

చిరంజీవికి ఆశీస్సులు.

కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ మొత్తం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. మొలస్కా, సెఫలోపొడా, సెపియిడా అంటూ వర్గీకరణ మెట్లు దిగుకుంటూ వచ్చావు. దానికి పరీక్షలో మార్కులు పడతాయి. ఆదివారం కాఫీ తాగుతూ చదివేవాడు మాత్రం రెండో మెట్టు దగ్గరే పేజీ తిప్పేస్తాడు.

వర్గీకరణంటే చుట్టరికాల లెక్కేగా! పెళ్ళిపందిట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చే పెద్దమ్మ మన ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. ఫలానా వాడు మనవాడే అని ఊరుకోదావిడ, ఎటునుంచి మనవాడో కూడా చెబుతుంది. అలా రాయి.

ఆ 'ఎటునుంచి' అన్నది కటిల్‌ఫిష్ ఒంట్లోనే ఉంది. ఐదో పేరాలో ఒక్క వాక్యంతో సరిపెట్టిన తెల్లటి పెంకుతోనే మొదలుపెట్టు. ఆయుర్వేదం సముద్రఫేనం అనేది దాన్నే. పేరుకి నురుగు, చూపుకి ఎముక, నిజానికి రెండూ కాదు. నత్త వీపున మోసే గుల్లకి వరసైనదే, ఇక్కడ ఒంటి లోపలికి వెళ్ళింది. విరిచి చూస్తే సన్నసన్నటి అరలుంటాయి. వాటిలో గాలీ నీరూ పాళ్ళు మార్చుకుంటూ ఆ జీవి తేలుతుంది, మునుగుతుంది. దాని చుట్టమైన నాటిలస్‌కి అలాంటి అరలే బయటి గుల్లలో ఉంటాయి. స్క్విడ్‌కి అది పల్చటి ఈకలా మిగిలింది. ఆక్టోపస్‌కి దాదాపు పోయినట్టే. చూశావా, ఒక్క లాటిన్ మాట లేకుండానే సగం వంశవృక్షం వచ్చేసింది.

జీవుల వర్గీకరణకి పునాది వేసిన లిన్నేయస్ కూడా 1758లో ఈ గుల్ల దగ్గరే తడబడ్డాడు. గుల్ల పైకి కనబడే నాటిలస్‌ని గుల్లజీవుల్లో వేశాడు. కటిల్‌ఫిష్, స్క్విడ్, ఆక్టోపస్ అన్నిటికీ సెపియా అని ఒకే ఇంటిపేరు పెట్టాడు. తర్వాతివాళ్ళు వేరు కాపురాలు పెట్టించారు. అన్నట్టు, శాస్త్రీయ నామంలోనూ మనకిలాగే ఇంటిపేరే ముందొస్తుంది. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి లేని వెసులుబాటు ఇది, వాడుకో.

'ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు' అన్న సామెత వాంపైర్ స్క్విడ్‌కి అతికినట్టు సరిపోతుంది. అది రక్తం తాగదు, పైనుంచి రాలే సముద్రపు నలుసులు తింటుంది. స్క్విడ్ కూడా కాదు. 1903లో దానికి పేరుపెట్టిన కార్ల్ కూన్ ఆక్టోపస్‌ల్లో చేర్చాడు. ఇప్పుడు వర్గీకరణలో దానికి వేరే క్రమం (ఆర్డర్) ఉంది, ఆక్టోపస్‌కే దగ్గర చుట్టం.

నీకు నీతులు చెబుతున్నా గానీ, నేనూ బోర్లాపడ్డాను. రెక్కలు ఒంటిపొడవునా ఉన్న ఒక జీవి ఫొటో కింద కటిల్‌ఫిష్ అని ధైర్యంగా రాశాను. అది బిగ్‌ఫిన్ రీఫ్ స్క్విడ్. వారం తిరక్కుండా ఒక పాఠకుడి పోస్టుకార్డు: "కోసి చూశారా?" లోపల పెంకు కాదు, ఈక ఉందట. ఆ కార్డు ఇంకా దాచుకున్నాను.

బాబ్‌టైల్ స్క్విడ్‌లని కటిల్‌ఫిష్ క్రమంలో వేశావు. పాత పుస్తకాలు చూసుంటావు, ఇప్పుడు వాటిని విడదీశారు. అక్కడ 'ప్రస్తుతం' అని ఒక మాట చేర్చు, రేపు మళ్ళీ మారినా నీ వాక్యం నిలబడుతుంది. 'కటిల్‌ఫిష్ అనే చేప' అని రెండుచోట్ల దొర్లింది, అది చేప కాదుగా, అదీ దిద్దు.

సముద్రఫేనం ముక్క ఎక్కడైనా సంపాదించు. గోటితో గీరు, నీళ్ళగిన్నెలో వెయ్యి, అడ్డంగా విరుచు. మొదటి వాక్యం ఆ తర్వాతే రాసి పంపు.

మీ మాస్టారు