బోనస్ డబ్బుతో పాత వీడియో గేములు కొంటే పెట్టుబడి అవుతుందా?

ప్రశ్న: నా వయసు 32. హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికి నెలకు 92 వేలు వస్తాయి. అద్దె, కారు ఈఎంఐ, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది అన్నీ కలిపి ఖర్చు 60 వేలు. సిప్‌లకు 20 వేలు వెళ్తుంది. మూడేళ్ల పాప ఉంది. ఎఫ్‌డీలో 1.4 లక్షలున్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 85 వేలు, ఈ మధ్య మినిమమ్ మాత్రమే కడుతున్నాను. టర్మ్ పాలసీ లేదు. పాత కన్సోల్ గేములంటే నాకు ప్రాణం. ఆడిన ప్రతి గేమ్ మీద నాలుగు వాక్యాల అభిప్రాయం నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఇప్పుడు 3.5 లక్షల బోనస్ వచ్చింది. నింటెండో సూపర్ ఫామికామ్, సెగా శాటర్న్ కన్సోళ్లు, కొన్ని అసలు క్యాసెట్లు, ఒకటి రెండు సీలు విప్పని పెట్టెలు కొనాలనుంది. ధరలు పెరుగుతున్నాయి కాబట్టి దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా?

జవాబు: అనుకోవద్దండీ. కానీ గేములు మానేయమని కూడా చెప్పను.

2021 జులైలో అమెరికాలోని హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో సీలు విప్పని సూపర్ మారియో 64 పెట్టె ఒకటి 15.6 లక్షల డాలర్లకు పోయింది. 1996లో వచ్చిన ఆ గేమ్ కోటికి పైగా కాపీలు అమ్ముడైంది. అంటే ఆట అరుదైనదేమీ కాదు. అరుదైనది పైనున్న ప్లాస్టిక్ కవర్ నలగకపోవడం, దాని స్థితిని పరీక్షించి గ్రేడింగ్ సంస్థ వేసిన మార్కు. అలాంటి పెట్టె వడ్డీ ఇవ్వదు, డివిడెండ్ ఇవ్వదు. రేపు డబ్బు అవసరమై అమ్మాలంటే అంత ధర పెట్టేవాళ్లు ఎక్కువగా విదేశాల్లో ఉంటారు. పంపే ఖర్చు, వేలం కమిషన్ మీ మీదే పడతాయి. పైగా ఆడటానికి వీల్లేని గేమ్ మీకెందుకు? మీ నోట్‌బుక్‌లో దాని గురించి ఒక్క వాక్యం కూడా రాయలేరు. సీలు పెట్టెల ఆలోచన పూర్తిగా వదిలేయండి.

ఇక కార్డు సంగతి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 85 వేల మీద 2,975 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 3,500 దాటుతుంది. ఏ క్యాసెట్ ధరా ఏడాదికి 40 శాతం చొప్పున ఖాయంగా పెరగదు. బోనస్ పడిన రోజే ఈ బాకీ మొత్తం కట్టేయండి. తర్వాత టర్మ్ పాలసీకి 15 వేలు పక్కన పెట్టండి. పాప ఉంది, అమ్మానాన్నలు మీ మీద ఆధారపడి ఉన్నారు, దీన్ని ఇంకో ఏడాది వాయిదా వేయొద్దు. అత్యవసరానికి దాచుకోవాల్సిన ఆరు నెలల ఖర్చు 3.6 లక్షలు. ఎఫ్‌డీ పోను ఇంకా 2.2 లక్షలు కావాలి, అది లిక్విడ్ ఫండ్‌లోనో మరో ఎఫ్‌డీలోనో వేయండి. మిగిలేది 30 వేలు. అది మీ సరదా డబ్బు, నిశ్చింతగా ఖర్చు పెట్టుకోండి.

ఆ 30 వేలకు ఏం కొనాలన్నది నాకూ ఇష్టమైన విషయమే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు సూపర్ ఫామికామ్ ఒక్కటే తీసుకోండి, శాటర్న్ తర్వాత చూద్దాం. జపాన్ క్యాసెట్లు అమెరికా వాటికంటే బాగా చవక. చిక్కల్లా భాషతోనే. అందుకే మొదటి క్యాసెట్‌గా 1994 నాటి సూపర్ మెట్రాయిడ్ కొనమంటాను. జపాన్ వెర్షన్‌లో కూడా కథ ఇంగ్లిష్‌లోనే వస్తుంది. మాటలు దాదాపు లేకుండా, దారులూ తలుపులూ చూపిస్తూనే కథ నడిపిన గేమ్ అది. ఎన్నిసార్లు ఆడినా కొత్త దారి దొరుకుతుంది. రెండోది కాంట్రా స్పిరిట్స్, 1992. మీడియా, సమురాయ్ పేర్లతో వచ్చిన టీవీ గేముల్లో అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని కాంట్రా ఆడిన ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఇది దానికి తమ్ముడు, ఇంకా గట్టిగా కొడుతుంది. కష్టమే కానీ అన్యాయం చేయదు. దీనికి జపనీస్ అక్కర్లేదు.

క్రోనో ట్రిగ్గర్ గొప్ప గేమ్, అందులో సందేహం లేదు. ఒకసారి పూర్తి చేశాక మళ్లీ మొదలుపెట్టి వేరే ముగింపులు చూడొచ్చు. కానీ దీని అమెరికా క్యాసెట్‌కు వేలు పోయకండి. ఫోన్‌లో, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో చట్టబద్ధంగా తక్కువకే దొరుకుతుంది, కథలో ఏమీ తగ్గదు. ఎర్త్‌బౌండ్ కూడా అంతే. 1995లో అమెరికాలో సరిగా అమ్ముడుపోకపోవడం వల్లే ఇప్పుడు దాని క్యాసెట్‌కు అంత ధర. దాని హాస్యం నాకు చాలా ఇష్టం, కానీ 2017లో గేములు లోపలే పెట్టి అమ్మిన చిన్న కన్సోల్ సూపర్ నింటెండో మినీలోనే ఆ గేమ్ ఉంది.

మినహాయింపు పాంజర్ డ్రాగూన్ సాగా ఒక్కటే. 1998లో నాలుగు డిస్కులతో శాటర్న్‌కు వచ్చింది, మళ్లీ ఎక్కడా విడుదల కాలేదు. శత్రువు చుట్టూ డ్రాగన్‌ను తిప్పుతూ బలహీనమైన వైపు వెతికే ఆ పోరాటం మరే గేమ్‌లోనూ నేను చూడలేదు. ఇంగ్లిష్ కాపీ ఖరీదు మీ 30 వేలను మింగేస్తుంది. కార్డు కట్టడం ఆగాక మిగిలే డబ్బులోంచి నెలకు 3 వేలు ఆర్డీ వేసి, దానితో కొనండి.

కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. సూపర్ ఫామికామ్ అడాప్టర్ 100 వోల్టులది, మన ప్లగ్‌లో నేరుగా పెడితే మాడిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. నకిలీ క్యాసెట్లు చాలా ఉన్నాయి, లేబుల్ చూసి నమ్మకండి. మూత విప్పి లోపలి బోర్డు ఫొటో పంపమని అడగండి. అసలు బోర్డు మీద నింటెండో పేరు అచ్చై ఉంటుంది. నకిలీల్లో తరచూ చిప్ బదులు నల్లటి జిగురు ముద్ద కనిపిస్తుంది. సూపర్ మెట్రాయిడ్ లాంటి వాటిలో ఆటలో మీరు ఆగిన చోటును గుర్తుంచే సేవ్‌ను నిలిపేది సీఆర్2032 బటన్ బ్యాటరీ. ముప్పై ఏళ్ల పాతది అయిపోయి ఉండొచ్చు, మార్చినప్పుడు పాత సేవ్ పోతుంది. టంకం పని తెలిసినవాళ్ల చేతే మార్పించండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ (దిగుమతి మీద వేసే జీఎస్టీ) పడతాయి. ఆ రోజు రేటు చూసి, అవి కూడా కలిపాకే ధర సరిపోల్చండి.

పన్ను గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. సొంత వాడకానికి కొన్న ఇలాంటి వస్తువులను తర్వాత లాభానికి అమ్మినా మూలధన లాభాల పన్ను రాదు. నగలు, పెయింటింగులు, కళాఖండాలకు ఈ వెసులుబాటు లేదు. అదే పనిగా కొని అమ్ముతుంటే మాత్రం వ్యాపార ఆదాయం కింద లెక్క చూపాలి. సీలు విప్పని పెట్టెనైతే సొంత వాడకం అని వాదించడం కష్టం. ఎలాగూ కొన్న బిల్లులన్నీ ఒక ఫైల్‌లో దాచండి, ఆ నోట్‌బుక్ పక్కనే.