శుక్లం ఆపరేషన్‌కు ఏ లెన్సు? పరాయి దేశానికి కొత్తగా వచ్చిన ఒక చెల్లెమ్మకు జవాబు

చెల్లెమ్మా, ఒకే దూరానికి కుదిరే మోనోఫోకల్ లెన్సు వేయించుకోవాలా, రెండు మూడు దూరాలకు పనిచేసే ఖరీదైన మల్టీఫోకలా అని అడిగారు. మీ అబ్బాయి "డబ్బు సంగతి వదిలెయ్యమ్మా, ఖరీదైనదే వేయిద్దాం" అన్నాడని రాశారు. అలా అనే కొడుకు ఉండడం మీ అదృష్టం. కానీ కంట్లో పెట్టే లెన్సు విషయంలో ధర పెరిగినకొద్దీ చూపు పెరుగుతుందన్న లెక్క లేదు. మల్టీఫోకల్ లెన్సు చేసే పని వేరు, దాని ధర వేరు. ఆ పని మీకు కావాలా వద్దా అన్నదే చూసుకోవాలి.

మీ ఉత్తరంలో కళ్ళ గురించి రెండు పేజీలు రాశారు. మీ రోజు గురించి మాత్రం ఒక్క వాక్యం రాశారు: పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళాక చీకటి పడేవరకు ఇంట్లో మీరొక్కరే. నేను ఆ వాక్యం పట్టుకునే ఈ జవాబు రాస్తున్నాను. పరాయి దేశంలో ఉన్నవాళ్ళు పక్కన ఎవరూ లేని గంటలను బట్టి లెన్సు ఎంచుకోవాలి. పక్కన మనిషి ఉంటే మందు సీసా మీద అక్షరాలు చదివి పెడతారు, మెట్ల దగ్గర చెయ్యి అందిస్తారు. లేనప్పుడు మీ కన్నే మీకు దిక్కు. వచ్చిన కొత్తలో ఇది ఎవరికీ పట్టదు. చుట్టూ మనవాళ్ళే తిరుగుతున్నట్టు ఉంటుంది. ఏడాది గడిచాక ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతారు, వాళ్ళ తప్పేమీ లేదు.

ముందు అసలు విషయం. శుక్లం అంటే కంటి మీద పెరిగే పొర కాదు, కంటిలోపల మనకు పుట్టుకతో ఉన్న కటకమే మసకబారడం. దాన్ని తీసి, ఆ స్థానంలో కృత్రిమ లెన్సు పెడతారు. కంట్లో ప్లాస్టిక్ ముక్క పెడితే ఒప్పుతుందా అని భయపడ్డారు కదా. 1949లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లే అనే డాక్టరు మొదటిసారి ఇలాంటి లెన్సు అమర్చారు. యుద్ధంలో విమానం అద్దం పగిలి ఆ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా, కన్ను వాటిని పెద్దగా ఎదిరించకపోవడం ఆయన గమనించారు. ఆ అద్దం గాజు కాదు, ఒక రకం ప్లాస్టిక్. మీ కంటికి జరగబోయేది అంత పాతబడిన, నలిగిన దారే. ఆ భయం పక్కన పెట్టండి.

వయసులో ఉన్నప్పుడు మన కటకం దూరానికీ దగ్గరకీ తనంతట తానే సర్దుకుంటుంది. నలభై దాటాక బిరుసెక్కి చత్వారం వస్తుంది. మోనోఫోకల్ లెన్సు అలా సర్దుకోదు. ఒకే ఒక దూరానికి కుదురుతుంది, ఆ దూరంలో చూపు తేటగా ఉంటుంది, మిగతా దూరాలకు కళ్ళజోడు కావాలి. మల్టీఫోకల్ లోపలికి వచ్చిన వెలుతురును రెండు మూడు దూరాలకు పంచుతుంది. ఒక కొళాయి నీటిని రెండు బిందెలకు మళ్ళించినట్టు, ఏదీ పూర్తిగా నిండదు. దూరానికీ దగ్గరకీ సమానంగా పంచే లెన్సులో వెలుతురు దాదాపు 41 శాతం దూరానికి, 41 శాతం దగ్గరకు పోతుంది. మిగతా 18 శాతం ఎటూ పనికిరాకుండా చెదిరిపోతుంది. కళ్ళజోడు లేకుండా చదవగలరు, నిజమే. బదులుగా మసక వెలుతురులో వస్తువు అంచులు కొంత పలచబడతాయి, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. చాలామందికి కొన్ని నెలల్లో మెదడు వాటిని పట్టించుకోవడం మానేస్తుంది. కొందరికి మానదు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను, ఎందుకంటే మీరూ సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నారు.

నాకు చిన్నప్పటినుంచి హ్రస్వదృష్టి. దూరానికి మందపాటి అద్దాలు ఉండేవి గాని, రాత్రి పడుకునేముందు అవి తీసి, పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుని హాయిగా చదువుకునేదాన్ని. అది ఒక వరమని అప్పుడు నాకు తెలియదు. శుక్లాలు ముదిరాయన్నారు, ఆపరేషన్ అన్నారు. డాక్టరు గారు "దూరానికి పెట్టమంటారా?" అని అడిగితే, ఆ భాషలో నాకున్న మొహమాటం కొద్దీ తల ఊపాను. మా వారు పోయిన కొత్త, ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. దూరం కనపడడమే గొప్ప అనుకున్నాను, దగ్గరి చూపు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

కట్టు విప్పాక రోడ్డు చివరి బోర్డు చదివాను. చెట్టు ఆకులు విడివిడిగా కనిపించాయి. ఆ సంతోషంతోనే ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున చుక్కల మందు సీసాలు చేతిలోకి తీసుకుంటే రెండూ ఒకేలా ఉన్నాయి. తెల్లటి సీసాలు, నా బొటనవేలంత పొడవు, చీమ తలకాయలంత అక్షరాలు. ఒకటి రోజుకు నాలుగుసార్లు వేయాలి, రెండోది రెండుసార్లు. ఆపరేషన్ అయిన కంటికి దగ్గరి అక్షరాలు అలుక్కుపోయాయి, రెండో కంట్లో శుక్లం. పక్కింటివాళ్ళను పిలుద్దామంటే ఇంకా తెల్లవారలేదు. చివరికి మూతల రంగు చూసి గుర్తుపట్టి, నాలుగుసార్లు వేసేదానికి ఒక రబ్బరు బ్యాండు చుట్టాను. అది నాలుగుసార్లదని వేలితో తడిమినా తెలుస్తుంది. ఈ ఉపాయం మీరూ వాడండి, ఆపరేషన్‌కు ముందే, మీ కోడలు ఇంట్లో ఉండగానే.

ఆ తరువాత నేను మొహమాటం వదిలేశాను. రెండో కంటికి వెళ్ళినప్పుడు దుబాసీ కావాలని అడిగాను, ఏర్పాటు చేశారు. మీరూ ముందుగా చెప్పి అడగండి. చెయ్యి చాచి చూపించాను: నా పుస్తకం ఇంత దూరం, నా కంప్యూటర్ ఇంత దూరం, నేను వంట చేసే గిన్నె ఇంత దూరం అని. అప్పుడు ఆయన ఒక కన్ను దూరానికీ, రెండోది కాస్త దగ్గరకీ పెట్టే పద్ధతి చెప్పారు. దాన్ని మోనోవిజన్ అంటారు. రెండూ మోనోఫోకల్ లెన్సులే, కానీ కుదిర్చే దూరం వేరు. అందరి మెదడూ దీనికి ఒప్పుకోదు. అందుకని ఆపరేషన్ కాని కంటికి కొన్నాళ్ళు కాంటాక్ట్ లెన్సు పెట్టుకుని చూడమన్నారు. నాకు సరిపడింది. ఇప్పుడు వంటా, ఫోనూ, కంప్యూటరూ కళ్ళజోడు లేకుండానే నడుస్తాయి. సన్న అక్షరాల పుస్తకానికి మాత్రం చవక చత్వారం అద్దాలు పెట్టుకుంటాను. రాత్రి కారు నేనే నడుపుకుంటాను, దానికొక సన్నటి దూరపు కళ్ళజోడు ఉంది.

ఈ రాత్రి కారు మాట మీకు ఇప్పుడు చిన్నగా అనిపిస్తుంది. మీరు ఇంకా నేర్చుకోలేదు, అబ్బాయి తీసుకెళ్తాడు. కానీ అబ్బాయి ప్రతిరోజూ తీసుకెళ్ళడు, చెల్లెమ్మా. మా తెలుగువాళ్ళలో నాకు బాగా తెలిసిన ఒకావిడ మల్టీఫోకల్ వేయించుకున్నారు. పగలు ఆవిడ చూపు చూస్తే నాకే ముచ్చటేసేది, ఫోనులో అక్షరాలు గబగబా చదివేవారు. సూర్యుడు వాలితే మాత్రం ఎదురొచ్చే ప్రతి కారు దీపం చుట్టూ వెలుగు చక్రాలు. మొదట పెద్ద రోడ్లు మానేశారు, తరువాత సాయంత్రం భజనలకు రావడం మానేశారు. చలికాలంలో తొందరగా చీకటి పడుతుంది, ఆ నెలల్లో ఆవిడ ఇల్లు కదలరు. లెన్సు చెడ్డదని నేననను. అదే లెన్సుతో సుఖంగా ఉన్న పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆయన రాత్రిళ్ళు ఎక్కడికీ వెళ్ళరు, ఇంటినిండా మనుషులు, పగలంతా చదువుకుంటారు. ఆయన రోజుకు అది సరిపోయింది, ఆవిడ రోజుకు సరిపోలేదు.

మీ విషయానికి వస్తే, చక్కెర వ్యాధి పదేళ్ళుగా ఉందని మధ్యలో ఎక్కడో రాసి వదిలేశారు. అది మొదటి వాక్యంలో రాయవలసిన మాట. కంటి వెనక బొమ్మ పడే తెర, అంటే రెటీనా, బాగుంటేనే మల్టీఫోకల్ గురించి ఆలోచించాలి. రెటీనా మధ్యభాగాన్ని మాక్యులా అంటారు. షుగరు వల్ల అక్కడ వాపు వచ్చినా, వయసు వల్ల అది అరిగినా, నీటికాసులు ముదిరినా అసలే వెలుతురు చాలని కంటికి పంచిన వెలుతురు ఇచ్చినట్టవుతుంది. ఇప్పుడు బాగున్నా షుగరు ఉన్నవాళ్ళకు రేపటి సంగతి కూడా చూసుకోవాలి. ఆ రెటీనాను చూడడానికి ఓసీటీ అనే స్కాన్ చేస్తారు, నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. అది చేయకుండా ఎవరైనా మల్టీఫోకల్ కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. స్కాన్ ఫలితం ఏమిటని మీరే అడగండి.

కాబట్టి మీకు నా మాట: మోనోఫోకల్. ఇక ఏ దూరానికి అన్నదే మిగిలింది, అక్కడే ఎక్కువ ఆలోచించండి. చాలామంది డాక్టర్లు అలవాటుగా దూరానికే పెడతారు. మీరూ నాలాగే అద్దాలు తీసి చదివే మనిషైతే, దగ్గరకు పెట్టించుకుని దూరానికి కళ్ళజోడు వాడడం కూడా ఒక దారే. పగలంతా ఒంటరిగా ఇంట్లో ఉండే మనిషికి మందు సీసా, పొయ్యి, ఫోను కనపడడమే అన్నిటికన్నా ముఖ్యం. ఒక టేపు తీసుకుని కంటినుంచి ఫోనుకు ఎంత, చదివే పుస్తకానికి ఎంత, పొయ్యికి ఎంత అని కోడలి చేత కొలిపించి, సెంటీమీటర్లలో కాగితం మీద రాసుకుని వెళ్ళండి. డాక్టరుకు మన భాష రాకపోయినా ఆ అంకెలు అర్థమవుతాయి.

ఇవి కాక చూపు దూరాన్ని కొంత సాగదీసే ఈడాఫ్ లెన్సులు ఉన్నాయి. వాటిలో వలయాలు సాధారణంగా తక్కువ, సన్న అక్షరాలకు అద్దాలు తప్పకపోవచ్చు. కంటి ముందుండే పారదర్శకమైన పొర (కార్నియా) వంకరవల్ల చూపు చెదిరేవాళ్ళకు టోరిక్ లెన్సు ఉంటుంది, మోనోఫోకల్‌లోనూ దొరుకుతుంది. ఆ వంకర మీకు ఎంత ఉందో అడగండి. బీమా, ప్రభుత్వ పథకాలు చాలాచోట్ల మామూలు మోనోఫోకల్ వరకే ఇస్తాయి, పైది మన చేతినుంచే. మీ పథకం కాగితాల్లో చూసుకోండి.

కొలతల రోజు తేలికగా తీసుకోకండి. కంటి పొడవు కొలిచేటప్పుడు ఒక మిల్లీమీటరు తేడా వస్తే లెన్సు పవరు దాదాపు 2.5 డయాప్టర్లు (అద్దాల నంబరు కొలిచే లెక్క) తప్పుతుంది. కళ్ళు పొడిబారి ఉంటే కొలత చెడుతుంది, ముందే చెబితే చుక్కలు ఇచ్చి సరిచేస్తారు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు డాక్టరు చెప్పినన్ని రోజుల ముందు ఆపాలి. ఎప్పుడైనా లేజరుతో అద్దాల నంబరు తీయించుకుని ఉంటే ఆ పాత కాగితాలు తెప్పించుకోండి, లెక్క మారుతుంది. మీ అన్నగారికి కూడా త్వరలో చేయించాలన్నారు కదా. ప్రోస్టేటు కోసం టామ్సులోసిన్ మాత్ర వాడుతుంటే, ఎప్పుడో ఆపేసినా సరే, కంటి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ మాత్ర వల్ల ఆపరేషన్‌లో కంటిపాప సరిగా విచ్చుకోదు, ముందే తెలిస్తే వాళ్ళు సిద్ధమై ఉంటారు.

ఆపరేషన్ తేదీని ఆసుపత్రి ఇచ్చింది ఇచ్చినట్టు ఒప్పుకోకండి. మొదటి రెండు రోజులైనా ఇంట్లో ఒక మనిషి ఉండే తేదీ అడగండి. అబ్బాయికి సెలవు దొరికే వారం చూసుకోండి. "నేను చూసుకుంటాలే, నువ్వు వెళ్ళు నాయనా" అని మీరంటారని నాకు తెలుసు, అనకండి. నేనలా అనడానికి కూడా ఎవరూ లేని స్థితిలో గడిపాను, చక్కబెట్టుకున్నాను కూడా, కానీ మీకు ఆ అవసరం లేదు. నొప్పి పెరుగుతున్నా, కన్ను ఎర్రబడుతున్నా, చూపు తగ్గుతున్నా, మెరుపులు గాని తెర దిగినట్టు గాని కనిపించినా పిల్లలు వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోను చేయాలి. ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించుకోండి.

లెన్సు పేరు, పవరు, వరుస సంఖ్య ఉన్న కార్డు ఒకటి ఇస్తారు, పాస్‌పోర్టుతో పాటు దాచండి. నెలలకో ఏళ్ళకో లెన్సు వెనక పొర మసకబారవచ్చు, యాగ్ లేజరుతో దాన్ని తెరుస్తారు, కంగారు పడవలసిన పని కాదు. ఒక్క జాగ్రత్త: పెట్టిన లెన్సే సరిపడక మార్పించుకోవాలన్న ఆలోచన ఉంటే ఆ లేజరు తొందరపడి చేయించుకోకూడదు, పొర తెరిచాక లెన్సు మార్చడం కష్టమవుతుంది.

మొదటి కంటి ఆపరేషన్ రోజే రెండో కంటికి తేదీ ఖాయం చేసేయకండి. మొదటి కన్ను కుదుటపడనివ్వండి. పిల్లలు వెళ్ళిపోయాక, ఒంటరిగా ఉన్న మామూలు రోజుల్లో దానితో వండండి, ఫోను చూడండి, మెట్లు దిగండి. ఎక్కడ తడుముకున్నారో కాగితం మీద రాసుకుని, రెండో కంటికి దూరం మార్చాలా అని ఆ కాగితం చూపించి అడగండి.