బడి గీతకు ఇవతల ఇల్లు, అవతల ఇల్లు

చిరంజీవి అబ్బాయికి, కోడలికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన పట్టిక చూశాను. పదకొండు ఇళ్లు, ఒక్కో ఇంటి పక్కన ఎలిమెంటరీ స్కూలు రేటింగు, తొమ్మిది దాటితే ఆకుపచ్చ, ఏడు కంటే తగ్గితే ఎరుపు. మీ పెదనాన్న కళ్లజోడు సవరించుకుని, "వీడు ఇల్లు కొంటున్నాడా, షేర్లు కొంటున్నాడా?" అన్నారు. నవ్వాను గానీ, 2004లో మేము చేసిందీ అదే. అప్పుడు రంగులు లేవు, పెన్సిలుతో రాసుకున్నాం, అంతే తేడా.

ఫోనులో చెబితే నువ్వు సగం విని "సరే పెద్దమ్మా" అంటావు. అందుకే రాస్తున్నాను. కోడలు కూడా చదవాలి, పాపను రోజూ బడిలో దింపేది ఆమే కాబట్టి.

ముందు ఒక చిన్న సంగతి. డాలస్ చుట్టుపక్కల ఇళ్ల మీ పట్టికలో నాలుగింటి దగ్గర "ఫ్రిస్కో" అని రాసి, ఫ్రిస్కో ఐఎస్‌డీ అనే అనుకున్నారు. ఐఎస్‌డీ అంటే స్కూల్ డిస్ట్రిక్టు, ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ. ఊరి హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్టు హద్దు వేరు. ఫ్రిస్కో ఊళ్లో ఇల్లు ఉన్నా అది ప్రాస్పర్ ఐఎస్‌డీలో ఉండొచ్చు, లూయిస్‌విల్ ఐఎస్‌డీలో ఉండొచ్చు, లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీలోనూ ఉండొచ్చు. ప్లానో చిరునామా ఉండి ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి వచ్చే వీధులూ ఉన్నాయి. అర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ వైపు చాలా ఇళ్ల పిల్లలు కొపెల్ ఐఎస్‌డీ బడులకు వెళ్తారు. ఇల్లు అమ్మే వెబ్‌సైటులో బడి పేరు చూసి నమ్మకండి. ఆ పేరు కింద "కొనేవారే సరిచూసుకోవాలి" అని సన్న అక్షరాల్లో ఉంటుంది. డిస్ట్రిక్టు సొంత సైటులో ఇంటి నంబరు కొట్టి చూడండి. ఆ తర్వాత ఆ బడికే ఫోను చేసి, "కిండర్‌గార్టెన్‌లో చోటు నిండిపోయి పిల్లలను వేరే బడికి పంపుతున్నారా?" అని అడగండి. బడి జోనులో, అంటే ఆ బడికి కేటాయించిన ఇళ్ల చుట్టూ గీసిన గీత లోపల, ఇల్లున్నంత మాత్రాన ఆ బడిలో కుర్చీ దొరుకుతుందన్న హామీ అన్నిచోట్లా ఉండదు.

ఇక ఆ రేటింగు అంకె. అది దేనితో తయారవుతుందో ఎప్పుడైనా చూశావా? చాలావరకు రాష్ట్ర పరీక్షల మార్కులతో. టెక్సస్‌లో ఆ పరీక్షలు మూడో తరగతి నుంచి మొదలవుతాయి. అంటే ఎలిమెంటరీ బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు రాసినదే ఆ అంకె. కిండర్‌గార్టెన్, ఒకటి, రెండు తరగతుల గురించి అది ఏమీ చెప్పదు. పాపకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చేది, బడి అంటే ఇష్టమో భయమో పుట్టేది ఆ మూడేళ్లలోనే కదా! ఇంకో లెక్క కూడా వేసుకోండి. పాపకు ఈ అక్టోబరులో నాలుగు నిండుతాయి. సెప్టెంబరు 1 నాటికి అయిదు నిండితేనే కిండర్‌గార్టెన్. కాబట్టి ఆమె బడిలో అడుగు పెట్టడానికే రెండేళ్లకు పైగా ఉంది. మొదటి రాష్ట్ర పరీక్ష రాసేసరికి ఆరేళ్లు అవుతుంది. అప్పటికి ఆ ప్రిన్సిపాల్ ఉంటారా, ఆ టీచర్లు ఉంటారా, అసలు ఆ గీత అక్కడే ఉంటుందా? రాష్ట్రం ఇచ్చే ఏ నుంచి ఎఫ్ గ్రేడ్ల సంగతీ అంతే. 2023 గ్రేడ్లు కోర్టు తగాదాల్లో చిక్కుకుని 2025లో గానీ బయటికి రాలేదు. పాత ఫొటో చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టు ఉంటుంది.

మార్కులు చూడొద్దని అనడం లేదు. ఏ మార్కులు చూడాలన్నదే నా మాట. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షాన్ రియర్డన్ అనే ఆచార్యుడు దేశం మొత్తంలో బడుల మార్కులు పోగుచేసి, రెండు విషయాలను విడదీశారు. పిల్లలకు సగటున ఎన్ని మార్కులు వస్తున్నాయన్నది ఒకటి. ఏడాదికేడాదికి ఎంత నేర్చుకుంటున్నారన్నది రెండోది. మొదటిది ఎక్కువగా తల్లిదండ్రుల ఆదాయాన్ని అనుసరించి పోతుంది. రెండోది ఆదాయానికి అంతగా కట్టుబడదు. షికాగో బడుల పిల్లలు మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఐదేళ్లలో ఆరేళ్ల చదువు నేర్చుకున్నారని ఆయన 2017లో చూపించారు. షికాగో బడులంటే పెదవి విరిచేవాళ్లే ఎక్కువ! రేటింగు ఇచ్చే సైట్లలో కూడా పెద్ద అంకె కింద "ఎదుగుదల" అని మరో అంకె ఉంటుంది. మీ పట్టికలో ఆ నిలువు వరస లేదు. దాన్ని చేర్చండి, రంగులు కొన్ని మారతాయి.

మా సంగతి చెబుతాను. 2004లో మేము కొన్న ఇల్లు గీతకు సరిగ్గా లోపల ఉంది. వెనక కంచె దాటితే వేరే బడి జోను. అటువైపు ఇదే నమూనా ఇల్లు, ఇదే బిల్డరు, దాదాపు ముప్ఫై వేల డాలర్లు తక్కువ. ఆ ముప్ఫై వేలు బడి కోసమని చెప్పుకుని సంతకం పెట్టాం. మూడేళ్లు తిరక్కుండానే కొత్త బడి కట్టి గీతలు మార్చారు. మీ అన్నయ్య నాలుగో తరగతి కాబట్టి పాత బడిలోనే పూర్తి చేయనిచ్చారు. ఒకటో తరగతిలో ఉన్న చిన్నవాడిని కొత్త బడికి పంపారు. ఉదయం ఏడూ నలభైకి ఒక బడి, ఏడూ యాభైకి ఇంకో బడి, మధ్యలో రెండు సిగ్నళ్లు. ఏడాదంతా నేను కారులోనే టీ తాగాను. ఆ కొత్త బడికి అప్పటికి రేటింగే లేదు, ఇంకా ఎవరూ పరీక్ష రాయలేదు కదా. కానీ చిన్నవాడికి దొరికిన ఒకటో తరగతి టీచరమ్మ లాంటి మనిషిని మళ్లీ చూడలేదు. వాడు ఇప్పటికీ ఆమెకు క్రిస్మస్‌కు కార్డు పంపుతాడు.

గీతకు ఎంత చెల్లిస్తామో లెక్కగట్టిన వాళ్లున్నారు. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో బోస్టన్ శివారు ఊళ్లలో జోను గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లనే పోల్చి చూశారు. వీధి ఒకటే, చుట్టుపక్కలు ఒకటే, బడి మాత్రమే వేరు. పరీక్ష మార్కులు ఐదు శాతం ఎక్కువ ఉన్న బడి కోసం జనం ఇంటికి సుమారు రెండున్నర శాతం ఎక్కువ ఇస్తున్నారని తేలింది. అమ్మేటప్పుడు మనకూ అంతే ఎక్కువ వస్తుందిగా అంటావు. వస్తుంది, గీత కదలకపోతే. అందుకే జోను అంచున ఉన్న ఇంటికి ఎక్కువ ధర పెట్టవద్దు. కొత్త బడి కట్టినా, పాత బడి నిండినా ముందు అటూ ఇటూ జరిగేది అంచున ఉన్న ఇళ్లే. బడికి నడిచి వెళ్లేంత దగ్గర ఉన్న ఇంటిని వేరే జోనులో వేయడం మాత్రం అరుదు.

నువ్వు మనసు పారేసుకున్న ఇల్లు 380 రహదారికి ఉత్తరాన ఉన్న కొత్తది అని కోడలు చెప్పింది. పైకప్పు ఎత్తు, వంటగదిలో పెద్ద గట్టు, వెనక చెరువు. బాగుంది. కానీ అక్కడ మడ్ పన్ను ఉంది. మడ్ అంటే బురద కాదు, నీళ్లకూ మురుగు గొట్టాలకూ తెచ్చిన అప్పు తీర్చడానికి ఏర్పడిన జిల్లా. మినహాయింపులు పక్కన పెట్టి, ఆరు లక్షల డాలర్ల ఇంటికి నూటికి 1.7 చొప్పున పన్ను అయితే ఏడాదికి 10,200. మడ్ కలిసి నూటికి 2.2 అయితే 13,200. నెలకు 250 డాలర్ల తేడా, పాప డ్యాన్సు, ఈత, సంగీతం ఫీజులు ఆ తేడాలోనే వచ్చేస్తాయి. రెండో దెబ్బ మేము స్వయంగా తిన్నది. టెక్సస్‌లో జనవరి 1న ఇల్లు ఏ స్థితిలో ఉంటే ఆ విలువ మీదే ఆ ఏడాది పన్ను. కట్టడం సగంలో ఉన్న ఇంటికి మొదటి ఏడాది పన్ను ముద్దుగా, చిన్నగా వస్తుంది. బ్యాంకు దాన్ని చూసి ఎస్క్రో, అంటే పన్ను కోసం నెలనెలా మన దగ్గర తీసుకుని దాచే సొమ్ము, లెక్క వేస్తుంది. మరుసటి ఏడాది మొత్తం ఇంటి విలువ మీద బిల్లు వస్తుంది. లోటు పూడ్చడానికి నెలనెలా కట్టే మొత్తం ఒక్కసారిగా పెరుగుతుంది. మీ పెదనాన్న ఆ ఉత్తరం పట్టుకుని బ్యాంకువాళ్లే తప్పు చేశారని వారం రోజులు ఫోన్లు చేశారు. తప్పు వాళ్లది కాదు. హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా కాపురముండే ఇంటికి ఇచ్చేది) వచ్చాక పన్ను వేసే విలువ ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదన్న రక్షణ ఉంది గానీ, అది ఈ మొదటి గెంతును ఆపదు.

పాత ప్లానోలో తొంభైల నాటి ఇల్లు నీ పట్టికలో ఏడో వరసలో, పసుపు రంగులో ఉంది. బడికి నడక, రేటింగు ఏడు. నాకు ఆ ఇల్లు నచ్చింది, దాచను. అలాగని పాత పేటల్లో చిక్కులు లేవని కాదు. పేట ముసలిదైతే పిల్లలు తగ్గుతారు. 2024 జూన్‌లో ప్లానో ఐఎస్‌డీ నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది, రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్. పిల్లల సంఖ్య తగ్గడమే ప్రధాన కారణం. కాబట్టి ఆ బడిలో ఎంతమందికి చోటుంది, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, ఐదేళ్ల కింద ఎంతమంది ఉండేవారు అని అడగండి. సగం ఖాళీగా ఉంటే జాగ్రత్త. పిల్లల బొమ్మ సైకిళ్లు వాకిళ్లలో కనిపిస్తున్నాయా, వీధి మళ్లీ చిన్నవాళ్లతో నిండుతోందా అన్నది కూడా చూడండి. పాత ఇంటికి పునాది పరీక్ష సొంత ఖర్చుతో చేయించండి. ఇక్కడి బంకమట్టి ఎండకు కుంచించుకుపోయి, వానకు ఉబ్బి, గోడలు చీలుస్తుంది. దాని గురించి మీ పెదనాన్న వేరే ఉత్తరం రాస్తారు, ఆయనకు అది ఇష్టమైన విషయం.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లారు. ఆదివారం మధ్యాహ్నం ప్రతి వీధీ బంగారు వీధే. బడి ఉన్న రోజు ఉదయం వెళ్లి, ఇంటి నుంచి బడికి నడవండి, పాపను చేత పట్టుకుని, ఆమె అడుగులతో. ఆరు వరసల రోడ్డు దాటాలా? దాటే చోట చేతిలో ఆపు గుర్తు పట్టుకున్న మనిషి ఉన్నారా? టెక్సస్‌లో చాలా డిస్ట్రిక్టుల్లో బడికి రెండు మైళ్ల లోపు ఉంటే, దారి ప్రమాదకరమని తేల్చితే తప్ప బస్సు రాదు. మైలున్నర దూరంలో ఇల్లు కొంటే నడవలేరు, బస్సూ ఉండదు, ఇక రోజూ కార్ల వరసే. ఆ వరస ఎంత పొడవుందో చూడండి. బడి ఎదురుగానే ఉన్న ఇల్లయితే ఆ కార్లు రోజుకు రెండుసార్లు మీ వాకిలికి అడ్డంగా నిలుస్తాయి. బడికి మూడు నాలుగు వీధుల దూరం నాకు సరిగ్గా నచ్చే దూరం.

తర్వాత బడి లోపలికి వెళ్లి చూపించమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. గోడల మీద అన్ని బొమ్మలూ ఒకేలా ఉన్నాయా, పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కోలా గీశారా? ప్రిన్సిపాల్ ఎన్నాళ్లుగా ఉన్నారు? మూడేళ్లలో ముగ్గురు మారి ఉంటే రేటింగు పది అయినా నేను ఆలోచిస్తాను. రాష్ట్రం ప్రతి బడికీ ఒక నివేదిక ప్రచురిస్తుంది. అందులో టీచర్ల సగటు అనుభవం, ఏడాది మధ్యలో వచ్చిపోయే పిల్లల శాతం కూడా ఉంటాయి. నాలుగో తరగతి వరకు క్లాసుకు ఇరవై ఇద్దరికి మించకూడదన్నది టెక్సస్ నియమం, కానీ డిస్ట్రిక్టులు మినహాయింపు అడిగి తెచ్చుకుంటాయి. ఈ బడి తెచ్చుకుందా అని అడగడంలో మొహమాటం వద్దు.

మనవాళ్లు ఎంతమంది ఉన్నారని కోడలు ఏజెంటును అడిగిందట. ఆయన "చాలామంది ఉన్నారండీ" అని సంతోషంగా చెప్పారట. 1968 నాటి గృహ హక్కుల చట్టం ప్రకారం జాతినీ మతాన్నీ చూపించి కొనేవారిని ఒక పేటవైపు నడిపించడం ఏజెంట్లకు కుదరదు. ఆయన మాట మంచి మనసుతోనే అన్నా, దాని మీద ఇల్లు ఎంచుకోకండి. మనవాళ్లు పక్కన ఉంటే హాయే, ఒంట్లో బాగాలేని రోజు పాపను తెచ్చిపెట్టేవాళ్లుంటారు. కానీ రెండో తరగతి పిల్లకు "ఫలానావాళ్ల అమ్మాయి మూడో తరగతి లెక్కలు చేస్తోంది" అని రోజూ వినిపించే వీధి కూడా అదే కావొచ్చు. ఆ పోటీలో మీ అన్నయ్యను నేనే నెట్టాను, ఒప్పుకుంటాను.

ఇక నీ ప్రయాణం. 380 అవతల నుంచి లాస్ కోలినాస్‌లో ఆఫీసుకు ఉదయం ఎనిమిదింటికి చేరడం అంటే టోల్‌వే మీద ఎంతసేపో ఒక మంగళవారం నువ్వే నడిపి చూడు, గూగుల్ చెప్పేది వద్దు. సాయంత్రం బడి నాటకం ఐదున్నరకు మొదలవుతుంది. ఏ ఇల్లు కొంటే ఆఫీసు నుంచి బయల్దేరి దానికి నువ్వు అందుకోగలవు అన్నది కూడా పట్టికలో ఒక వరస పెట్టు.

ఏ ఇంటి మీద సంతకం పెట్టినా ఆప్షన్ పీరియడ్, అంటే మనసు మారితే ఒప్పందం నుంచి తప్పుకోగలిగే గడువు, కనీసం పది రోజులు అడగండి. ఆ పది రోజుల్లో కనీసం రెండు బడి ఉదయాలు ఉండేలా చూసుకోండి. సెలవుల వారంలో పడనివ్వకండి. ప్లానో ఇల్లు సోమవారం చూద్దాం. ఏడుంపావుకు ఆ వీధి మలుపు దగ్గర ఉంటాను, ఫ్లాస్కులో కాఫీ తెస్తాను. పాపకు నడవడానికి అనువైన బూట్లు తొడగండి, ఆ గులాబి మెరుపుల చెప్పులు వద్దు.

ఇట్లు,
మీ పెద్దమ్మ