మైకా దిబ్బ పక్కన పొలం: ఎంతకు దిగితే శుభ్రమైనట్టు?

ప్రశ్న: సైదాపురం దగ్గర మా పొలం పాత మైకా గని దిబ్బను ఆనుకుని ఉంది. నిమ్మ తోట పెట్టి, ఒక మూల ఇల్లు కట్టుకోవాలని ఉంది. రేడియేషన్ మీటరు గంటకు 0.35 మైక్రోసీవర్టులు చూపిస్తోంది. ఎంతకు దిగితే భయం లేనట్టు?
– ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: సున్నాకు దిగదండీ. ఏ నేలలోనైనా రేడియేషన్ వెదజల్లే యురేనియం, థోరియం, పొటాషియం కొంత ఉంటాయి. ముందు మీ నేల సహజంగా ఎంత చూపిస్తుందో తేల్చుకోండి. దిబ్బకు దూరంగా, అదే రకం నేలలో నాలుగైదు చోట్ల, మీటరును నేలకు మీటరు ఎత్తున పట్టుకుని చూడాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. పలుగురాళ్ల పొలానికి చెరువు మట్టితో పోలిక పెట్టి, తేడా అంతా గనిదేనంటారు.

అలా 0.15 వచ్చిందనుకుందాం. మిగులు 0.20. తోటలో రోజుకు 8 గంటలు, 300 రోజులు పనిచేస్తే ఏడాదికి 0.48 మిల్లీసీవర్టు (సీవర్టు అంటే ఒంటికి తగిలే రేడియేషన్ కొలత; వెయ్యి మైక్రోలు ఒక మిల్లీ). అదే చోట ఇల్లు కట్టి 7,000 గంటలు గడిపితే 1.4. గచ్చు కొంత ఆపుతుంది గానీ, నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు గదుల్లో చేరుతుంది. పాత కాలుష్యం ఉన్న చోట ఏడాదికి 1 నుంచి 20 మిల్లీసీవర్టుల మధ్య ఒక అంకెను హద్దుగా ఎంచుకోమని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ (ఐసీఆర్‌పీ) చెబుతుంది. పిల్లలు తిరిగే ఇంటికి 1 దాటనివ్వకండి.

యురేనియం నుంచి పుట్టే రేడియం మట్టిలో ఎంత ఉండొచ్చో అమెరికా 1983లో పెట్టిన హద్దు ఇది: సహజ స్థాయి మీద, పై 15 సెంటీమీటర్లలో కిలోకు 185 బెక్రెల్స్ (బెక్రెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం), 100 చదరపు మీటర్ల సగటున. అందుకే పొలాన్ని 10 మీటర్ల గళ్లుగా విడగొట్టి, గడికి ఐదు చోట్ల మట్టి తీసి కలపండి. ఆరబెట్టి జల్లించిన మట్టిని ల్యాబులో గాలి చొరని డబ్బాలో మూడు నాలుగు వారాలు ఉంచాలి. రేడియం నుంచి పుట్టే రేడాన్ ద్వారానే ల్యాబు రేడియాన్ని లెక్కగడుతుంది; ఆరబెట్టేటప్పుడు ఆ రేడాన్ తప్పించుకుంటుంది. అది మళ్లీ నిండకముందే లెక్కిస్తే రేడియం తక్కువగా కనిపిస్తుంది.

సగటు ఒక్కటే నమ్మకండి. మన మైకా గనుల్లో సమర్‌స్కైట్ దొరుకుతుంది. నల్లగా, చిన్న ముక్కైనా చేతికి బరువుగా, విరిగిన చోట తారులా నిగనిగలాడే రాయి. అందులో యురేనియం ఉంటుంది. పిడికెడు ముక్క చాలు, మీటరు ఎగబాకడానికి. మీటరును నేలకు దగ్గరగా పట్టి నడుస్తూ ముందు ఆ రాళ్లు ఏరించండి. పగలగొట్టొద్దు, ఇంట్లో పెట్టుకోవద్దు. హైదరాబాద్‌లోని ఆటమిక్ మినరల్స్ డైరెక్టరేట్‌కు తెలియజేయండి. ఏరాక మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గని గళ్లలోనే మట్టి తీయడం. ఒక్క గడిలో 15 సెంటీమీటర్లు తీస్తే 15 ఘనపు మీటర్లు, సుమారు 22 టన్నులు. ఎక్కడ వేస్తారో తేలకుండా జేసీబీ పిలవకండి. దిబ్బ మట్టితో మాత్రం ఇంటి పునాది నింపొద్దు.